చెవిపోగు

ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది పక్కవాటాలో మిషను కుట్టే దర్జీ ఆవిడ. "ఎప్పుడు చూడు మీ అమ్మ చెవి పట్టుకుని వేలాడుతుంటావు, చెవిపోగులాగా!" అంది ఒకరోజు. ఇంక అంతే. వీధిలో అందరికీ అదే పేరైపోయింది. బళ్ళో రాయించిన పేరు బళ్ళోనే ఉండిపోయింది.

పేరు ఊరికే రాలేదు. పిల్లకి అప్పుడప్పుడే మాటలొస్తున్న రోజుల్లో తల్లికి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. ఇంటాయన బస్సు డ్రైవరు. దూరం బళ్ళు నడిపేవాడు, ఇంట్లో ఉండేది తక్కువ. దాంతో తల్లికి వీధి కబురైనా, పాలవాడి కేకైనా, తలుపు చప్పుడైనా ఆ పసిదే చెప్పాలి. కొంగు పట్టి లాగి, మొహం తన వైపు తిప్పుకుని మరీ చెప్పేది. ఆఖరికి ఏడవాలన్నా ముందుకొచ్చి ఏడ్చేది. వెనకాల ఏడిస్తే దండగని ఆ వయసుకే తెలిసిపోయింది.

తల్లికి చదువు రాదు, రాసి చూపిస్తే తెలియదు; పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. కానీ పెదాలు అబద్ధాలు కూడా చెబుతాయి. మ, బ, ప మూడింటికీ పెదాలు ఒక్కలాగే మూసుకుని ఒక్కలాగే విచ్చుకుంటాయి. మాట, బాట, పాట మూడూ ఆమెకి ఒకటే. ఒకసారి చెవిపోగు పరిగెత్తుకొచ్చి "మామ వచ్చాడు" అంటే, "ఏ పాపే? ఎవరింటి పాప?" అంటూ బయటికెళ్ళింది తల్లి. గుమ్మంలో పెట్టె పట్టుకుని ఆమె అన్నగారు నిలబడి ఉన్నాడు, గుబురు మీసాలేసుకుని. "ఇంత మీసాల పాపని ఎక్కడన్నా చూశావుటే?" అని ఆయన నవ్విన నవ్వు ఆమెకి వినపడలేదు కానీ, ఆయన పొట్ట ఊగడం మటుకు కనపడింది.

ఇంకోసారి పిల్ల గడపకి కాలు తట్టుకుని "అబ్బా!" అంది. తల్లి పొయ్యి దగ్గర్నించి "పిలిచావా?" అంటూ వచ్చింది. "పిలవలేదమ్మా, దెబ్బ తగిలింది" అని బొటనవేలు చూపించింది పిల్ల. అమ్మా అన్నా, అబ్బా అన్నా తల్లికి ఒకటే పిలుపు. ఆ పూట వేలికి పసుపు గుడ్డ కడుతుంటే పిల్ల ఏదో ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. మ వచ్చే మాటైతే ముక్కు ముట్టుకుంటుందట. బ అయితే బుగ్గ. ప అయితే పన్ను. "ముక్కుకి మ, బుగ్గకి బ, పన్నుకి ప. బాగుందా?" అంది. తల్లి పొంగిపోయి పిల్ల బుగ్గ గిల్లితే, "అదిగో, బ అన్నావు!" అని కిలకిల్లాడింది.

అప్పట్నించీ వాళ్ళిద్దరి మాటలు చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. ఒక వేలు ముక్కు మీదికి, బుగ్గ మీదికి, పళ్ళ మీదికి ఈగలాగా తిరుగుతుండేది. దర్జీ ఆవిడ "మీ ఇంట్లో మాట్లాడుకుంటున్నారా, దోమలు తోలుకుంటున్నారా వదినా?" అనేది.

నర్సు చదువు తనే కోరుకుంది పిల్ల. చిన్నప్పుడు తల్లిని చెవుల ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడి నర్సు కాగితాల మీదికి తల వంచుకుని మాట్లాడిందట. చెవుల ఆసుపత్రిలోనే వినపడనివాళ్ళకి మొహం చూపించకపోతే ఇంకెక్కడ చూపిస్తారని కోపమొచ్చిందట. తండ్రి "కోపంతో పోలీసవుతారు గానీ నర్సవుతారా?" అని ఆటపట్టించాడు. అయినా చేర్పించాడు.

మొదటి ఏడాదంతా పుస్తకాలే. ఆ తర్వాత వార్డుల్లోకి పంపారు. మొదటి రోజునే ట్యూటర్ మేడమ్ చేత చీవాట్లు తిని వచ్చింది చెవిపోగు. మాట్లాడితే చెయ్యి మొహం మీదికి వెళుతుందిగా మరి. "వార్డులో ఉన్నంతసేపూ నీ మొహం నీది కాదు. చేతులు కడిగేదాకా దాన్ని ముట్టుకునే హక్కు నీకు లేదు" అందట మేడమ్. ఆ మాట చెబుతూ చెబుతూనే మ దగ్గర ముక్కు ముట్టుకుంది పిల్ల. తల్లీకూతుళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆ చీవాట్లని ఇంటిదాకా మోసుకొచ్చి ఇంకా రంగులేసి చెప్పింది మటుకు స్నేహితురాలు. ఇద్దరూ ఒకే బ్యాచి, ఒకే వార్డు. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని దాన్ని వసపిట్ట అనేవాళ్ళు. "నువ్వు మాట్లాడుతుంటే మీ బాబాయి బస్సు చక్రాలు చూసినట్టుంటుందే. కాస్త బ్రేకెయ్యి" అనేది తల్లి. వసపిట్ట కూడా ఆ ముక్కూ బుగ్గా పన్నూ నేర్చుకుంది. "పిన్నీ" అని పిలిచినప్పుడల్లా ముందు పన్ను ముట్టుకునేది.

ఒక ఆదివారం ఇద్దరూ వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ క్లాసులో జరిగింది చెప్పారు. మేడమ్ అందర్నీ లేపి, "వార్డులో మీకు దేనంటే ఎక్కువ భయం?" అని అడిగిందట. ఒకతి రక్తం అంది. ఒకతి సూది గుచ్చుకోవడం అంది. ఒకతి వాంతులంది. చాలామంది చివర ఉండే టీబీ వార్డంటే భయమన్నారు. వసపిట్ట లేచి "మీరే మేడమ్" అందట.

"నిజంగా అన్నావుటే?" అంది తల్లి.

"అన్నాను పిన్నీ. క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వింది. ఆ తర్వాత వారం రోజులు బెడ్‌పాన్లు నాచేతే కడిగించింది."

టీబీ వార్డు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే వీళ్ళంతా ఊపిరి బిగపట్టుకుని పరుగెత్తేవాళ్ళట. ఆ వరండా చివరిదాకా ఎవరు ఊపిరి తీసుకోకుండా వెళితే వాళ్ళు గెలిచినట్టు. గ్లౌజుల మీద గ్లౌజులు, మాస్కు మీద మాస్కు. ఇవతలి మామూలు వార్డుకి రాగానే ఒక్క పల్చటి మాస్కు ఉంచుకుని, మిగతావన్నీ పీకేసి హమ్మయ్య అని కూర్చునేవాళ్ళట. "మేడమ్ ఏమందో తెలుసా పిన్నీ? మీరు జబ్బుకి భయపడట్లేదు, బోర్డుకి భయపడుతున్నారు. జబ్బుకి చదువు రాదు, బోర్డు చూసి ఆగదు, అంది."

చెవిపోగు ఒక బఠాణీ గింజ నోట్లో వేసుకుంది. "ఆవిడకేం, అలాగే అంటుంది" అంది.

ఆ ఇవతలి మామూలు వార్డులోనే ఒక ముసలమ్మ ఉండేది. తుంటి ఎముక విరిగి మంచాన పడింది. కూడా ఎవరూ లేరు. ఎవరేమడిగినా పలకదు. మందిస్తే మింగదు, తిరగమంటే తిరగదు. ఆయాలు "మొండిఘటం" అనేసి వదిలేశారు. డాక్టరు కూడా ముసలితనంలో మతి పోయిందని రాశాడట. దగ్గేది. ముసలివాళ్ళు దగ్గక ఏం చేస్తారని ఎవరూ పట్టించుకోలేదు.

చెవిపోగు ఒక్కరోజు చూసింది. ముసలమ్మ కళ్ళు మాట్లాడేవాళ్ళ కళ్ళని చూడటం లేదు, మూతిని చూస్తున్నాయి. మూతులన్నిటికీ మాస్కులున్నాయి. పిల్లకి చటుక్కున తెలిసిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అలాంటి కళ్ళ ముందే పెరిగింది కదా. మంచం పక్కన కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి, "అమ్మమ్మా, నొప్పిగా ఉందా?" అంది మెల్లిగా.

ముసలమ్మ దాని మొహం రెండు చేతుల్తో పట్టుకుని ఏడ్చిందట.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతుంటే పిల్ల కళ్ళు వెలిగిపోయాయి. తల్లికి కడుపు నిండిపోయింది. "మంచి పని చేశావు తల్లీ. నూటికి ఒకళ్ళకి కూడా తట్టదు ఆ మాట" అంది. అంతటితో ఊరుకుందా? తనకి తెలిసిందంతా చెప్పింది. దూరంగా నిలబడితే పెదాలు తెలియవు, దగ్గరగా కూర్చో. కిటికీ నీ వెనక ఉంటే మొహం నల్లగా కనపడుతుంది, వెలుతురుకి ఎదురుగా కూర్చో. తొందరపడకు. ఒక మాట అందకపోతే అదే మళ్ళీ అనకు, ఇంకో మాట వెతుక్కో. పిల్ల బుద్ధిగా తలూపింది. తల్లి ఎలా చెప్పిందో అలాగే చేసింది. దగ్గరగా, మొహానికి మొహం పెట్టి, వెలుతురులో, మెల్లిగా. రోజూ.

ముసలమ్మ మందులు మింగింది. తిరగమంటే తిరిగింది. కబుర్లు కూడా చెప్పింది. దగ్గు మటుకు తగ్గలేదు. చాలాకాలానికి ఎవరో కొత్త డాక్టరొచ్చి కఫం పరీక్ష రాశాడు. టీబీ. అందులోనూ మామూలు మందులకి లొంగని రకం. రాత్రికి రాత్రి మంచం మార్చి చివరి వార్డుకి పంపేశారు.

వసపిట్ట ఆ రోజు ఏడుపు మొహంతో వచ్చింది. "అమ్మమ్మ దగ్గర మేమెవరమూ మాస్కు సరిగా పెట్టుకోలేదు పిన్నీ. అమ్మమ్మే కదా అనుకున్నాం. అటు వరండాలో ఊపిరి బిగపట్టి పరిగెత్తాం, ఇటొచ్చి ఆవిడ పక్కన కూర్చుని బిస్కెట్లు తిన్నాం" అంది.

పిల్లలందరికీ ఎక్స్‌రేలు తీశారు. ఎవరికీ ఏమీ లేదన్నారు. దగ్గొస్తే వెంటనే చెప్పమని హెచ్చరించి వదిలేశారు. తల్లి కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయింది. ముసలమ్మ కొన్నాళ్ళకి పోయింది. చెవిపోగు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

కొన్ని నెలలు గడిచాయి. పిల్ల కాస్త చిక్కింది. చదువు, డ్యూటీలు, తిరుగుడు, చిక్కకేం చేస్తుంది అనుకున్నారు. రోజూ ఒక గుడ్డు ఎక్కువ పెట్టింది తల్లి. పిల్ల సగం తిని లేచిపోయేది. మొహానికి మొహం పెట్టి కూర్చోవడం కూడా తగ్గింది. దూరంగా గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడేది. అలా నిలబడితే పెదాలు సరిగా తెలియవని దానికి తెలియదా? "ఇలా రావే" అంటే "పనుందమ్మా" అని వెళ్ళిపోయేది. పెద్దదైంది, తల్లి దగ్గర కూర్చోవడానికి నామోషీ కాబోలనుకుంది ఆమె.

ఒకోసారి పిల్ల వాకిట్లో అటు తిరిగి నిలబడేది. భుజాలు అదిరేవి. తల్లి వంటింట్లోంచి చూసి, ఫోనులో వసపిట్ట ఏ జోకు వేసిందో, ఎంతగా నవ్వుతోందో అనుకునేది. పిల్ల నవ్వుతోందని తనూ నవ్వుకునేది.

ఒక పొద్దున దర్జీ ఆవిడ గిన్నెడు పాలు అడగడానికి వచ్చి, "అమ్మాయికి దగ్గు తగ్గిందా వదినా?" అంది.

దగ్గూ తగ్గూ కూడా పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. తల్లికి అర్థం కాలేదు. "ఏం తగ్గింది?" అంది.

దర్జీ ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, దగ్గి చూపించింది. "అదేంటి వదినా, నెల పైనుంచి ఒకటే దగ్గు. గోడకి అవతల నాకే నిద్ర పట్టట్లేదు. మందు వాడుతున్నారు కాబోలు అనుకున్నా."

గోడలకి చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడకున్న చెవులు తల్లికి లేకపోయాయి. చెవులున్న తండ్రి ఆ నెలంతా దూరం బళ్ళ మీదే ఉన్నాడు.

ఆమె చేతిలో పాలగిన్నె అలాగే ఉండిపోయింది. వాకిట్లో నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

పిల్ల డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోనే పట్టుకుంది. "ఏదీ, నా ముందు దగ్గు" అంది. పిల్ల తల వంచుకుంది. "తలెత్తవే. తల వంచుకుంటే నాకు వినపడదని తెలుసుగా!" అని అరిచింది తల్లి. ఆమెకి తన గొంతు తనకి వినపడదు. ఎంత గట్టిగా అరిచిందో వీధిలో తలుపులు తెరుచుకోవడం చూశాక తెలిసింది.

తర్వాత వసపిట్టని నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. "నేను పోరుతూనే ఉన్నాను పిన్నీ. పరీక్ష చేయించుకోవే అంటే, పోస్టింగు ఆపేస్తారు, ఏడాది పోతుంది అనేది. మీ అమ్మకి చెప్పేస్తానంటే, 'చెప్పుకో, వినపడాలి కదా' అని నవ్వేది. ఇంకోటి కూడా ఉంది. అమ్మమ్మ వల్ల వచ్చిందంటే దానికి కోపం. 'ఆవిడ నాకేం చేస్తుందే పాపం, ఇది దుమ్ముకొచ్చిన దగ్గు' అనేది. పాఠం అందరికంటే బాగా అప్పజెప్పేది అదే. అయినా అంది. ఇష్టమైనవాళ్ళ దగ్గర జబ్బు ఉంటుందని మనసుకి తోచదు పిన్నీ. మాకెవరికీ తోచలేదు."

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల ఆ ఒక్క మాటనీ అన్నాళ్ళు దాచింది.

ఏ వార్డు ముందు ఊపిరి బిగపట్టి పరుగెత్తిందో, ఆ వార్డులోనే మంచమిచ్చారు చెవిపోగుకి. విడిగా ఒక గది. తలుపుకి నలుచదరంగా ఒక గాజుపలక. తల్లికీ తండ్రికీ పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. దూరంగా నిలబడి మాట్లాడిన కూతురు తల్లిని కాపాడుకుంది.

మొదటి రోజు తల్లిని మందపాటి మాస్కు పెట్టి లోపలికి పంపారు. మంచం మీద పిల్లకి కూడా మాస్కుంది. పైన రెండు కళ్ళు, కింద తెల్లగుడ్డ. గుడ్డ కదులుతోంది. పిల్ల ఏదో చెబుతోంది. ఒక్క ముక్క తెలియలేదు. జ్వరంలో చెవులు పోయిన రోజున కూడా ఆమెకి అంత చెవుడు అనిపించలేదు.

"ఒక్కసారి కిందికి లాగవే. మొహం చూపించు" అంది.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మాట చెప్పి మళ్ళీ పెట్టేసుకో."

మళ్ళీ అడ్డంగానే ఊపింది.

తల్లికి దుఃఖం కోపమై వచ్చింది. "ఎవరో ఊరూ పేరూ తెలియని ముసల్దానికి లాగావు. కన్నతల్లికి లాగవా?" అంది. అనేసింది. అన్నాక నాలుక కరుచుకున్నా, అన్న మాట వెనక్కి వస్తుందా? పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగి గుడ్డ మీదికి జారాయి. అయినా లాగలేదు. చెయ్యెత్తి తలుపు చూపించింది. పొమ్మంటోందనుకుంది తల్లి. బయటికొచ్చి గోడకి జారగిలబడి కూర్చుంది.

కొంతసేపటికి నర్సమ్మ భుజం తట్టి గాజుపలక చూపించింది. లోపల పిల్ల మంచం దిగి, సెలైను కర్ర పట్టుకుని, గాజుకి దగ్గరగా వచ్చి నిలబడి ఉంది. తల్లి కూడా లేచి గాజు ముందుకొచ్చాక, మాస్కు గడ్డం కిందికి లాగింది. కిటికీ వెలుతురు సరిగా మొహం మీద పడేలా పక్కకి జరిగింది. మెల్లిగా అంది. "ఇప్పుడు మాట్లాడుకుందాం." మ దగ్గర వేలు ముక్కు మీద పెట్టింది.

గాజు ఇవతలికి చిన్న చప్పుడు కూడా రాదు. బస్సు డ్రైవరు చెవి ఆనించి విన్నాడు, ఏమీ లేదు. "ఏమంటోందే? నాకేం వినపడట్లేదు" అన్నాడు బెంబేలుగా.

"మీరు గడ్డం గీసుకోలేదంటోంది. బస్సెక్కినవాళ్ళు దొంగనుకుని దిగిపోతారంటోంది."

ఆయన నవ్వబోయి నవ్వలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తలుపు ముందు అందరూ చెవిటివాళ్ళే, ఆమె ఒక్కతే కాదు. వసపిట్ట వచ్చినా, దర్జీ ఆవిడ వచ్చినా, మేనమామ వచ్చినా, ఆఖరికి ట్యూటర్ మేడమ్ వచ్చి నిలబడినా "ఏమంటోంది?" అని తల్లినే అడగాలి. తల్లి చెప్పేది. చెవిపోగు కాస్తా లోపల ఉండిపోతే, తల్లి అందరికీ చెవిపోగైంది. మేడమ్‌తో మాత్రం ఒక మాట పూర్తిగా చెప్పలేకపోయింది. "బోర్డు చూసి ఆగదన్నారు, నేను వినలేదు మేడమ్, అంటోంది" అనబోయి, 'వినలేదు' దగ్గరే ఆగి గాజు వైపు తిరిగింది. మేడమ్‌కి అర్థమైంది. గాజు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

అలా గాజుకి అటూ ఇటూ నిలబడి ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో. ఇన్నేళ్ళూ చూసి చూసి, తల్లి పెదాలు చదవడం పిల్లకీ వచ్చేసింది. దర్జీ ఆవిడ ఎవరి జాకెట్టుకో రెండు ఎడమచేతులు కుట్టిన సంగతి చెబితే పిల్ల నవ్వింది. నవ్వు దగ్గైంది. దగ్గొచ్చినప్పుడల్లా అటు తిరిగిపోయేది, తల్లికి వీపు కనపడేది. భుజాలు అదిరేవి.

"నాకేసి తిరిగే దగ్గు. నేను చూస్తాను" అంది తల్లి ఒకరోజు గాజు మీద కొట్టి. లోపలికి వినపడదని మర్చిపోయింది.

మందులు మార్చారు. మళ్ళీ మార్చారు. లొంగలేదు. పిల్ల గాజు దాకా రావడం మానేసింది. మంచం మీంచే మాట్లాడింది. తర్వాత మాటలు చిన్నవయ్యాయి. తెల్లమాస్కు తీసేసి, ఆక్సిజను పోసే పారదర్శకపు మాస్కు పెట్టారు. అందులోంచి పెదాలు కనపడేవి. ఊపిరి వదిలితే ఆవిరి కమ్మేది, తీసుకుంటే తేటపడేది. తల్లి ఆ తేటపడే క్షణాల కోసం కాచుకుని కూర్చునేది.

ఒక మధ్యాహ్నం నర్సమ్మలు లోపల హడావిడిగా తిరుగుతున్నారు. పిల్ల రెండు చేతులకీ సూదులు, కదలకుండా పట్టీలు. తల గాజు వైపు తిప్పింది. తల్లిని చూసింది. ఆవిరి కమ్మింది. తేటపడింది. పెదాలు ఒక్కసారి మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. కుడిచెయ్యి దుప్పటి మీంచి కొంచెం లేచింది. పట్టీ వెనక్కి లాగింది. పడిపోయింది.

నర్సమ్మ పిల్ల మీదికి వంగింది. ఎవరో తెర లాగేశారు.

అమ్మా అందా? అబ్బా అందా?

పరామర్శకి వచ్చినవాళ్ళందరూ వెళ్ళారు. బస్సు డ్రైవరు మళ్ళీ బండెక్కాడు. ఎక్కకపోతే పిచ్చెక్కుతుందన్నాడు. తల్లి ఇంట్లో గిన్నెలు తోముతున్నా, బట్టలు మడతపెడుతున్నా అదొక్కటే. పిలిచిందా, నొప్పని మూలిగిందా? పిలిచి ఉంటే, తలుపు బద్దలు కొట్టుకుని అయినా వెళ్ళి ఉండాల్సింది. నొప్పైతే, బిడ్డ అంత నొప్పి పడుతుంటే తను గాజు ఇవతల నిలబడి చూస్తూ ఉండిపోయింది.

ఒకరోజు ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్ళింది. ఆ వేళ లోపలున్న నర్సమ్మ వరండాలో ఎదురైంది. "నా బిడ్డ ఆఖర్న ఏదో అంది. మీరు వంగి విన్నారు. అమ్మా అందా తల్లీ, అబ్బా అందా?" అని అడిగింది.

నర్సమ్మ మంచిది. ఈమెకి వినపడదని గుర్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి, మాస్కు కిందికి లాగి, జవాబు చెప్పింది. పెదాలు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. అంతే. అదే.

తల్లి అలా చూస్తుండగానే వార్డులోంచి ఎవరో పిలిస్తే నర్సమ్మ ఆమె చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. తల్లి ఆ నొక్కిన చెయ్యిని అలాగే పట్టుకుని ఇల్లు చేరింది.

తర్వాత వసపిట్ట వస్తే చెప్పింది. "నువ్వు అడిగి రావే. నీకు వినపడుతుంది. వచ్చి మన గుర్తు చూపించు, చాలు."

వసపిట్ట సరేనంది. చాలారోజులు రాలేదు. వచ్చిన రోజు వార్డు నుంచి సరాసరి వచ్చింది, యూనిఫారంతోనే. గుమ్మంలో నిలబడి "పిన్నీ" అంది. పన్ను ముట్టుకోవడం మర్చిపోయింది. ఆ పిల్ల పెదాలు అంత మెల్లిగా కదలడం తల్లి ఎప్పుడూ చూడలేదు.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమందట?"

వసపిట్ట నోరు విప్పింది. పెదాలు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. చెయ్యి లేచింది. వేలు బుగ్గ దాకా వెళ్ళింది. బుగ్గకి ఇంకా తగల్లేదు. అక్కడ ఆగింది. తల్లి మొహం చూసింది ఆ పిల్ల. వేలు పక్కకి జరిగి, ముక్కు మీదికి వచ్చి, అక్కడ గట్టిగా ఆనుకుంది. తీయలేదు.

తల్లి చూసింది. పెదాలు చదివి బతికిన మనిషి, వేలు చదవలేదా?

"అలాగా" అంది. "మొహం మీద చెయ్యి పెట్టకు తల్లీ. వార్డు నుంచి వచ్చావు. పో, ముందు చేతులు కడుక్కో" అంది.

వసపిట్ట వాకిట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తిప్పింది. సబ్బు రాసుకుంది. అటు తిరిగి చాలాసేపు కడుక్కుంటూనే ఉంది. వంటింట్లోంచి తల్లికి దాని వీపు కనపడుతోంది. భుజాలు అదురుతున్నాయి.

ఈసారి ఆమె నవ్వనుకోలేదు. తువ్వాలు తీసుకుని లేచింది.